వేటకి వెళ్లిన ఖుక్రీ తానే ఎలా దొరికిపోయింది?

మీరు అడిగింది ఒక్క ప్రశ్నలా ఉంది కానీ అందులో మూడు ఉన్నాయి. ఐఎన్ఎస్ ఖుక్రీ సబ్‌మెరైన్లను వేటాడటానికే కట్టిన ఓడ కదా, 1971 డిసెంబర్ 9 రాత్రి ఒక పాకిస్తాన్ సబ్‌మెరైన్ చేతిలో ఎలా మునిగిపోయింది? కెప్టెన్ ముల్లా ఓడని మరీ నెమ్మదిగా నడిపించడమే కొంప ముంచిందంటారు, నిజమేనా? పక్కనే ఉన్న మన ఇంకో ఓడ కృపాణ్ నీళ్లలో పడ్డవాళ్లని వదిలేసి ఎందుకు వెళ్లిపోయింది?

నేను నేవీలో సోనార్ (నీళ్లలో శబ్దాన్ని బట్టి వెతికే పరికరం) మీద పనిచేసి రిటైరైనవాడిని. 71 నాటికి ఇంకా సర్వీసులో చేరలేదు, కాబట్టి ఆ రాత్రి గురించి నాకు తెలిసిందంతా చదివిందీ, పెద్దవాళ్ల దగ్గర విన్నదీ. అయితే చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని గంటల తరబడి సముద్రాన్ని వింటే ఎలా ఉంటుందో తెలుసు. ఈ కథ సగం అక్కడే ఉంది, మామూలుగా దీని గురించి రాసేవాళ్లు ఆ సగాన్ని వదిలేస్తారు.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. ఖుక్రీ ఓడిపోయింది టార్పెడో వచ్చిన ఆ ఐదు నిమిషాల్లో కాదు. తనకంటే చాలా దూరం వినగలిగే శత్రువు మీదకి, హెలికాప్టర్ తోడు లేకుండా, రెండే రెండు పాత ఫ్రిగేట్లని (ఒక రకం యుద్ధనౌకలు) పంపినప్పుడే తక్కెడ అటు మొగ్గింది. మిగతా తప్పొప్పులన్నీ దాని తర్వాతే.

ముందు ఓడ సంగతి. ఖుక్రీ బ్రిటిష్ వాళ్ల బ్లాక్‌వుడ్ తరగతి ఫ్రిగేట్. నీళ్లలోకి దిగింది 1956లో, మన నేవీలో చేరింది 1958లో. కృపాణ్, కుఠార్ దాని తోబుట్టువులు, మూడూ కలిసి 14వ ఫ్రిగేట్ స్క్వాడ్రన్. అసలు ఈ తరగతిని బ్రిటన్ ఎందుకు కట్టిందంటే, సోవియట్‌తో యుద్ధం వస్తే అట్లాంటిక్‌లో సరుకు ఓడల గుంపులకి కాపలా కాయడానికి. తక్కువ ఖర్చులో ఎక్కువ సంఖ్యలో కావాలి. అందుకే పన్నెండు వందల టన్నుల చిన్న ఓడ, ఒకే ప్రొపెల్లర్, మూడు చిన్న బోఫోర్స్ తుపాకులు, సబ్‌మెరైన్ల మీదకి విసరడానికి లింబో అనే మోర్టార్లు. అంతే.

ఇక్కడ ఒక తేడా గమనించండి, చాలామంది దాటేసేది ఇదే. కాపలా వేరు, వేట వేరు. కాపలా కాసే ఓడ సబ్‌మెరైన్ని వెతుక్కుంటూ పోనక్కర్లేదు. సరుకు ఓడల్ని కొట్టాలంటే సబ్‌మెరైనే దగ్గరికి రావాలి, రావాలంటే కదలాలి, కదిలితే చప్పుడు, చప్పుడైతే దొరుకుతుంది. వేటలో లెక్క తలకిందులవుతుంది. ఓడ కదులుతూ, చప్పుడు చేస్తూ వెతుకుతూ ఉంటుంది, సబ్‌మెరైన్ ఒకచోట చడీచప్పుడు లేకుండా వింటూ కూర్చుంటుంది. ఇదేమీ 71లో కొత్తగా తెలిసింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలై మూడు వారాలు కూడా కాకుండానే, 1939 సెప్టెంబర్ 17న, బ్రిటిష్ విమానవాహక నౌక కరేజియస్ జర్మన్ సబ్‌మెరైన్లను వేటాడటానికి వెళ్లి, యు-29 అనే సబ్‌మెరైన్ టార్పెడోలకి ఇరవై నిమిషాల్లోపే మునిగిపోయింది. ఐదు వందల మందికి పైగా పోయారు. ఆ దెబ్బతో పెద్ద విమానవాహక నౌకల్ని ఇలాంటి వేటకి పంపడం ఆపేశారు.

ఇప్పుడు డిసెంబర్ 1971కి వద్దాం. డిసెంబర్ 4 రాత్రి మన మిసైల్ బోట్లు కరాచీ మీద దాడి చేసి ఖైబర్ అనే డిస్ట్రాయర్ని, ముహాఫిజ్ అనే మైన్‌స్వీపర్ని ముంచాయి. అంతకు ముందు రాత్రే ఇటు వైజాగ్ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది. దేశమంతా సంబరం. అయితే ఘాజీ అమెరికన్లు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కట్టిన పాత సబ్‌మెరైన్. పడమర వైపు తిరుగుతున్న ఇంకో పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ అలాంటిది కాదు. ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్న డాఫ్నే తరగతి, అప్పటికి పాకిస్తాన్ నేవీలో చేరి రెండేళ్లు. వెయ్యి టన్నుల లోపు చిన్న ఒడ్డూపొడుగు, నీటి అడుగున చాలా తక్కువ చప్పుడు, మూడు వందల మీటర్ల దాకా దిగగలిగే శక్తి, పన్నెండు టార్పెడో గొట్టాలు. దాని కమాండర్ పేరు అహ్మద్ తస్నీమ్. యుద్ధం మొదలవ్వడానికి ముందే ఆయన బొంబాయి బయట కాచుకుని ఉన్నాడు, మన పశ్చిమ నౌకాదళం తన నెత్తి మీదుగా పోతుంటే విన్నాడు కూడా. అప్పటికి కాల్చే అనుమతి లేదు కాబట్టి ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఇంకొంచెం ఉత్తరంగా, గుజరాత్‌లోని కాఠియావాడ్ (సౌరాష్ట్ర) తీరం వైపు వెళ్తానని రేడియోలో అనుమతి అడిగాడు. సబ్‌మెరైన్ రేడియోలో నోరు తెరిచిందంటే ఎక్కడుందో దాదాపు చెప్పేసినట్టే. మనవాళ్లు ఆ సిగ్నల్ పట్టారు, డయ్యూ తీరానికి నైరుతిగా ఒక సబ్‌మెరైన్ ఉందని అంచనా కట్టారు, 14వ స్క్వాడ్రన్‌ని పంపారు. మూడు ఓడలు వెళ్లాలి. అప్పటికే కుఠార్‌లో బాయిలర్ రూమ్ దగ్గర ప్రమాదం జరిగి దాన్ని బొంబాయికి లాక్కురావాల్సి వచ్చింది. మిగిలినవి ఖుక్రీ, కృపాణ్.

రెండు ఓడలు ఏం సరిపోతాయో ఒక్కసారి కాగితం మీద లెక్క వేసి చూడండి. ఇవి నా ఉజ్జాయింపు అంకెలు. సబ్‌మెరైన్ ఉన్నచోటు తెలిసి పది గంటలైంది, అది గంటకి నాలుగు నాటికల్ మైళ్లు కదిలింది అనుకుందాం. అప్పుడది నలభై మైళ్ల వ్యాసార్థమున్న వృత్తంలో ఎక్కడైనా ఉండొచ్చు. అంటే ఐదు వేల చదరపు నాటికల్ మైళ్లు. ఒక ఓడ సోనార్ అటు రెండు కిలోమీటర్లు, ఇటు రెండు కిలోమీటర్ల పైచిలుకు చూస్తుందనుకుంటే, 12 నాట్ల (గంటకి 12 నాటికల్ మైళ్ల) వేగంతో గంటకి తుడిచేది ముప్ఫై చదరపు మైళ్లు. రెండు ఓడలకి అరవై. ఐదు వేలని అరవైతో భాగించండి, మూడు రోజుల మీద సగం రోజు. ఈలోపు ఆ వృత్తం పెరుగుతూనే ఉంటుంది, సబ్‌మెరైన్ ఒకచోట నిలబడి మన కోసం ఎదురుచూడదు. విమానాలు, హెలికాప్టర్లు ఉంటే ఈ లెక్క మారిపోతుంది. మన సీకింగ్ హెలికాప్టర్లు ఆ ఏడాదే కొత్తగా వచ్చాయి. ఖుక్రీ లాంటి ఓడ మీద దిగడానికి వాటికి చోటే లేదు. మన విమానవాహక నౌక విక్రాంత్ బంగాళాఖాతంలో ఉంది.

ఇక సోనార్. దీన్ని కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే నెమ్మదిగా నడిపాడన్న నిందకి జవాబు ఇందులోనే ఉంది.

ఖుక్రీలో ఉన్నది యాక్టివ్ సోనార్. ఓడ అడుగు నుంచి ఒక కూత పంపుతుంది, అది దేనికైనా తగిలి వెనక్కి వస్తే వినాలి. నీళ్లలో శబ్దం సెకనుకి దాదాపు పదిహేను వందల మీటర్లు పోతుంది. మూడు కిలోమీటర్ల దూరంలో ఏదైనా ఉంటే నాలుగు సెకన్ల తర్వాత బలహీనంగా ఒక ప్రతిధ్వని. ఆ శబ్దం పోయేటప్పుడు సగం చచ్చి, తగిలి చెదిరి, వచ్చేటప్పుడు మళ్లీ చచ్చి మన చెవికి చేరుతుంది. సబ్‌మెరైన్‌కి ఆ బాధ లేదు. దానికి ఆ కూత ఒకవైపు ప్రయాణంలోనే చేరుతుంది, కాబట్టి మనకి ప్రతిధ్వని అందే దూరానికి ఎన్నో రెట్ల దూరం నుంచే మనం వస్తున్నామని దానికి తెలుస్తుంది. పైగా మన ప్రొపెల్లర్ చప్పుడు, ఇంజన్ల చప్పుడు ఎటూ ఉన్నాయి. చీకటి గదిలో టార్చిలైట్ వేసుకుని వెతికేవాడు అందరికీ ముందే కనబడతాడు కదా, అదే సంగతి.

దానికి తోడు అరేబియా సముద్రం. డిసెంబర్‌లో పైన నీళ్లు వెచ్చగా, ఒక లోతు దాటాక ఒక్కసారిగా చల్లగా ఉంటాయి. శబ్దం ఆ హద్దు దగ్గర వంగిపోతుంది. పైనుంచి పంపిన కూత కిందికి సరిగ్గా దిగదు, ఆ పొర కింద కూర్చున్న సబ్‌మెరైన్ మీద నీడ పడినట్టు ఉంటుంది. సౌరాష్ట్ర తీరం దగ్గర సముద్రం అడుగు కూడా మరీ లోతు కాదు, చాలా దూరం దాకా మెరకే. అలాంటి చోట కూత అడుగుకి తగిలి, పైకి తగిలి, వందరకాలుగా వెనక్కొస్తుంది. చేపల గుంపు, అడుగున రాయి, పాత ఓడ శిథిలం, అన్నీ ప్రతిధ్వనులే. వాటిలో ఏది సబ్‌మెరైనో చెప్పాలి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ప్రతిదాన్నీ కాంటాక్ట్ అంటారు, పదిసార్లు అలా అయ్యాక పదకొండోసారి నిజంగా వచ్చినా బ్రిడ్జి (ఓడని నడిపించే చోటు) మీద ఎవరూ నమ్మరు. రెండూ ప్రమాదమే.

ఓడ వేగం పెరిగేకొద్దీ సోనార్ డోమ్ (ఓడ అడుగున సోనార్‌ని కప్పి ఉంచే తొడుగు) చుట్టూ నీళ్ల ఒరిపిడి చప్పుడు పెరుగుతుంది, అది ప్రతిధ్వనిని మింగేస్తుంది. ఇరవై నాట్ల మీద పోతూ సోనార్ వినడమంటే దాదాపు చెవుడే. కాబట్టి వేటలో ఓడ నెమ్మదించడం పిచ్చిపని కాదు, తప్పని పని. దీనికి తోడు ఖుక్రీ మీద లెఫ్టినెంట్ వి.కె. జైన్ అనే యువ ఆఫీసర్ ఉన్నాడు. పాత 170 రకం సోనార్‌కి మరికొంచెం దూరం వినిపించేలా ఒక పరికరం తయారుచేసి, దాన్ని పరీక్షించడానికి ఓడెక్కాడు. అది సరిగ్గా పనిచేయాలంటే ఓడ ఇంకా నెమ్మదిగా పోవాలి. ఆయన కూడా ఆ రాత్రి ఓడతోపాటే పోయాడు.

కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా స్థానంలో నిలబడి ఆలోచించండి. తన సోనార్ శత్రువు సోనార్ ముందు చెవిటిదని ఆయనకి తెలుసు. వేగంగా, వంకరటింకరగా పోతే టార్పెడో తగిలే అవకాశం తగ్గుతుంది, సబ్‌మెరైన్ మాత్రం దొరకదు, ఆయన్ని పంపింది దాన్ని పట్టుకోవడానికి. నెమ్మదిగా పోతే దొరికే అవకాశం కొంచెం పెరుగుతుంది, దొరక్కపోతే తానే లక్ష్యం. ఆయన రెండోది ఎంచుకున్నాడు. యుద్ధం నడుస్తుండగా, శత్రువు ఉన్నాడని తెలిసిన నీళ్లలో ప్రయోగపరికరం పెట్టుకుని వేగం తగ్గించడం నా దృష్టిలో సరైన నిర్ణయం కాదు, ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. కానీ దాన్ని నిర్లక్ష్యం అనడానికి మాత్రం ఒప్పుకోను. ఉన్న చెడ్డ దారుల్లో ఒకటి ఎంచుకోవడం అది.

టార్పెడో వైపు నుంచి కూడా చూడండి. ఇరవై ఐదు నాట్ల వేగమున్న టార్పెడో అనుకుంటే అది సెకనుకి పదమూడు మీటర్లు పోతుంది, నాలుగు కిలోమీటర్లకి ఐదు నిమిషాలు. ఖుక్రీ పూర్తి వేగం ఇరవై ఏడు నాట్ల పైనే, అంటే ముందే పసిగట్టి తోక చూపించి పరిగెత్తితే అలాంటి టార్పెడో దాన్ని అందుకోలేదు. 12 నాట్ల మీద ఉన్న ఓడకి ఆ అవకాశం లేదు, ఆవిరి టర్బైన్ల ఓడ ఇలా మీట నొక్కితే అలా దూకదు. మరి మన ఆయుధం? లింబో మోర్టార్ అందుకునేది కిలోమీటర్ లోపు. అంటే సబ్‌మెరైన్ని కొట్టాలంటే ముందు దాని నెత్తి మీదకి వెళ్లాలి. వాడు అక్కడి నుంచే కొడతాడు, మనం అక్కడిదాకా వెళ్లి కొట్టాలి.

ఇక ఆ రోజు ఏం జరిగిందో తస్నీమ్ తర్వాత చెప్పిన కథనం ఒకటి ఉంది. శత్రువు మాట కాబట్టి కాస్త అనుమానంతోనే చదవాలి, అయినా ఒక విషయం నాకు చాలా నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. డిసెంబర్ 9 ఉదయం నుంచే హంగోర్ ఈ రెండు ఓడల్నీ వింటోంది. వెంటపడితే అందుకునే వేగం లేదు. అప్పుడు ఆయన వాటి కదలికలు గీసి చూశాడు. రెండూ ఒక దీర్ఘచతురస్రం ఆకారంలో పద్ధతిగా వెతుకుతున్నాయి. ఇప్పుడు ఎక్కడున్నాయో తెలిస్తే ఇంకో రెండు గంటలకి ఎక్కడుంటాయో తెలిసినట్టే. వెళ్లి ఆ దారిలో కూర్చున్నాడు, సాయంత్రానికి అవే వచ్చాయి. మీరు నన్ను ఆ రోజు జరిగిన ఒక్క తప్పు చెప్పమంటే, వేగం కంటే ముందు దీన్నే చెబుతాను. పద్ధతిగా వెతకడం పుస్తకంలో బాగుంటుంది, వెతికించుకునేవాడికి ఆ పద్ధతి అర్థం కానంతసేపే.

చీకటి పడింది. ఓడలు లైట్లార్పి పోతున్నాయి, పెరిస్కోప్‌లో ఏమీ కనబడక హంగోర్ లోతుకి దిగి సోనార్ మీదే దగ్గరికొచ్చింది. నలభై మీటర్ల లోతు నుంచి మొదటి టార్పెడో కృపాణ్ మీద వేసింది. అది కృపాణ్ కింద నుంచి పోయింది, పేలలేదు. తస్నీమ్ చెప్పిన ప్రకారం అప్పుడు ఖుక్రీ నేరుగా తన వైపు తిరిగింది. హడావిడిగా రెండోది వేశాడు. ఖుక్రీ కింద పేలింది. టైమ్ రాత్రి 8:45 దాటింది, డ్యూటీలో లేని చాలామంది రేడియో వార్తల దగ్గర చేరి ఉన్నారని బతికినవాళ్లు చెప్పారు.

ఓడ అంత తొందరగా ఎలా మునిగిందని చాలామంది అడుగుతుంటారు. టార్పెడో ఓడ పక్కకి తగిలి బొక్కపెడితే నీళ్లు ఎక్కడానికి టైమ్ పడుతుంది, తలుపులు బిగించి కొంతసేపు నిలబెట్టొచ్చు. కింద పేలితే కథ వేరు. పేలుడు వాయువు పెద్ద బుడగలా ఉబ్బి ఓడ నడుముని పైకెత్తుతుంది, ముందూ వెనకా వేలాడతాయి. మరుక్షణం బుడగ కుంచించుకుపోతుంది, నడుము కింద ఖాళీ, ఓడ తన బరువుకి తనే కిందికి విరుగుతుంది. ఇనుప కమ్మీని అటూ ఇటూ వంచితే విరిగినట్టు. 2010 మార్చి 26న దక్షిణ కొరియా నౌక చియోనాన్ ఇలాగే రెండు ముక్కలైంది, 46 మంది పోయారు. అదీ దాదాపు ఖుక్రీ అంతటి ఓడే. దాని ముక్కల్ని పైకి తీశారు, విరిగిన చోటు చూస్తే అడుగు రేకు పైకి వంగి ఉంటుంది. అంతర్జాతీయ దర్యాప్తు బృందం ఉత్తర కొరియా టార్పెడో అని తేల్చింది, ఉత్తర కొరియా ఒప్పుకోలేదు, అది వేరే గొడవ.

ఖుక్రీలో కరెంటు వెంటనే పోయింది. కింది డెక్కుల్లో ఉన్నవాళ్ల సంగతి ఊహించండి. కటిక చీకటి, ఓడ ఒరుగుతోంది, పైకి రావడానికి మనిషి పట్టేంత నిచ్చెనలు, నిచ్చెన మీద గుండ్రటి మూత, ఒకరి వెనక ఒకరే దూరాలి. ఎప్పుడైనా ఓడ లోపల లైట్లార్పి ప్రాక్టీస్ చేయిస్తే తెలుస్తుంది, రోజూ తిరిగే దారి కూడా చేత్తో తడుముకుంటే కొత్తగా ఉంటుంది, అది కూడా నేల సమంగా ఉన్నప్పుడు. చేతిలో ఉన్నది నిమిషాలే. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు, మొత్తం 194 మంది పోయారు. 67 మంది బతికారు. బతికినవాళ్లలో ఎక్కువమంది పేలుడు వేళకి పైన ఉన్నవాళ్లో, పైకి దగ్గరగా ఉన్నవాళ్లో.

ముల్లా గురించి వినిపించేదంతా నిజమా అని ఇంకొకరు అడిగారు. ఓడ వదలమని ఆర్డర్ ఇచ్చి, పక్కనున్న జూనియర్ ఆఫీసర్లని నీళ్లలోకి తోసి, తన లైఫ్ జాకెట్ ఒక సెయిలర్‌కి ఇచ్చి, తాను ఓడతోనే ఉండిపోయాడన్నది బతికినవాళ్ల సాక్ష్యం మీద నిలబడ్డ విషయం. మహావీర్ చక్ర ఇచ్చారు. కెప్టెన్ ఓడతో మునగాలన్న రూల్ ఏ నేవీలోనూ లేదు, మన దాంట్లో కూడా లేదు. బతికితే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో పనికొచ్చే మనిషే కదా అని వాదించేవాళ్లున్నారు. వాదన తప్పు కాదు. కింద చిక్కుకున్న మనుషులున్నారని తెలిసి మెట్టు దిగలేకపోయిన మనిషి ముందు ఆ వాదన పెట్టడానికి నాకు నోరు రాదు, అంతే.

ఇక కృపాణ్. ఇది నిజంగా చేదు విషయం, బతికిన సెయిలర్లలో కొందరికి దశాబ్దాల తర్వాత కూడా కోపం చల్లారలేదు, వాళ్ల కోపాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నీళ్లలో తేలుతూ మన ఓడే దూరమవడం చూసినవాళ్లు వాళ్లు. అయితే కృపాణ్ బ్రిడ్జి మీదకి కూడా ఒకసారి వెళ్లాలి. అప్పటికే తన మీద ఒక టార్పెడో వచ్చింది. పక్క ఓడ నిమిషాల్లో మాయమైంది. తన మోర్టార్ మొరాయిస్తోంది, అంటే ఎదురుకొట్టడానికి సరైన ఆయుధం కూడా లేదు. హంగోర్ దాని మీద ఇంకో టార్పెడో వేసింది, కృపాణ్ పూర్తి వేగంతో తప్పుకుంది. ఆగి పడవలు దించి ఉంటే?

దానికి జవాబు 1914లోనే దొరికింది. ఆ ఏడాది సెప్టెంబర్ 22న హాలండ్ తీరం దగ్గర మూడు బ్రిటిష్ క్రూయిజర్లు పోతున్నాయి, అబూకిర్, హోగ్, క్రెస్సీ. జర్మన్ సబ్‌మెరైన్ యు-9 ముందు అబూకిర్‌ని కొట్టింది. మిగతా రెండూ మనవాళ్లని కాపాడుదామని ఆగి పడవలు దించాయి. ఆగిన ఓడని కొట్టడానికి గురి కూడా అక్కర్లేదు. దాదాపు గంటన్నరలో మూడూ మునిగాయి, పద్నాలుగు వందల మందికి పైగా పోయారు. ఒక్క చిన్న సబ్‌మెరైన్, అదీ అప్పటి లెక్కలో కూడా పాతదే. ఆ తర్వాత నుంచి సబ్‌మెరైన్ దగ్గర్లో ఉందంటే ఆగకూడదన్నది నేవీలన్నిటికీ మొదటి పాఠం అయింది. 1982 మే 2న ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ సబ్‌మెరైన్ కాంకరర్ అర్జెంటీనా క్రూయిజర్ జనరల్ బెల్‌గ్రానోని ముంచినప్పుడు కూడా వెంట ఉన్న రెండు డిస్ట్రాయర్లు అక్కడ ఆగలేదు, తర్వాత తిరిగొచ్చి వెతికి వందలమందిని పైకి తీశాయి. కృపాణ్ కూడా మర్నాడు కచ్చల్ అనే ఓడతో కలిసి వెనక్కొచ్చింది, ఖుక్రీ వాళ్లని నీళ్లలోంచి తీసింది అప్పుడే. రాత్రంతా నీళ్లలో ఉన్నవాళ్లకి ఈ లెక్కలు చెప్పి ఒప్పించలేం, నిజమే. కానీ ఆగి ఉంటే ఇంకో ఓడెడు మనుషులు పోయి ఉండేవాళ్లని నేను గట్టిగా నమ్ముతాను. నన్నడిగితే నిలదీయాల్సింది వేరేది. మోర్టార్ పనిచేయని ఓడ సబ్‌మెరైన్ వేటలో ఎందుకుంది?

ఆ తర్వాత నాలుగు రోజుల పాటు ఓడలు, విమానాలు, సీకింగ్‌లు కలిసి హంగోర్ కోసం గాలించాయి. దొరకలేదు, కరాచీ చేరిపోయింది. ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒక సబ్‌మెరైన్ యుద్ధనౌకని ముంచడం అదే మొదటిసారి, ఆ మాట నిజమే.

సీకింగ్‌లు ముందే ఉంటే తేడా ఏమిటి? హెలికాప్టర్ నీళ్ల మీద నిలబడి తీగకి కట్టిన సోనార్‌ని కిందికి దించుతుంది, వెచ్చటి పొర దాటించి చల్లటి నీళ్లలోకే దించొచ్చు, సబ్‌మెరైన్ దాక్కునే నీడ అక్కడ పనిచేయదు. పైగా హెలికాప్టర్ మీద సబ్‌మెరైన్ టార్పెడో వేయలేదు. అది ఇప్పుడెక్కడుందో, ఇంకో నిమిషానికి ఎక్కడ దించుతుందో అంచనా కూడా కట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కెప్టెన్ వాకర్ గుంపు ఒకే యాత్రలో ఆరు జర్మన్ సబ్‌మెరైన్లని ముంచింది, అప్పుడు హెలికాప్టర్లు లేవు కదా అని అడగొచ్చు. ఆయన దగ్గర ఐదారు ఓడలు ఉండేవి. ఒకటి దూరం నుంచి కాంటాక్ట్ పట్టుకుని ఉంటే ఇంకోటి నెమ్మదిగా పైకి పోయి బాంబులు వదిలేది, ఎదురుగా ఉన్నవి నీటి అడుగున కొద్ది నాట్ల వేగమున్న పాత రకం సబ్‌మెరైన్లు. రెండు ఓడలతో, అందులో ఒకదాని మోర్టార్ చెడిపోయి, డాఫ్నే లాంటి దాని మీద ఆ ఆట ఆడలేం.

వాట్సాప్‌లో తిరిగే రెండు విషయాలు కూడా సరిచేస్తాను. ఖుక్రీని ముంచింది ఘాజీ కాదు, ఘాజీ అప్పటికి ఐదు రోజుల ముందే బంగాళాఖాతంలో మునిగిపోయింది. రెండోది, 2021 డిసెంబర్ 23న వైజాగ్‌లో సర్వీసు నుంచి తప్పించిన ఖుక్రీ ఈ ఓడ కాదు. అది అదే పేరుతో 1989లో మన దగ్గరే కట్టి చేర్చుకున్న మిసైల్ కార్వెట్ (చిన్న యుద్ధనౌక), సబ్‌మెరైన్ వేటకి కట్టింది కూడా కాదు. దాన్ని డయ్యూకి ఇచ్చేశారు, అక్కడ కొండ మీద పాత ఖుక్రీ స్మారకం కూడా ఉంది. అలాగే కృపాణ్ పేరుతో తర్వాత వచ్చిన రెండో ఓడని 2023లో వియత్నాం నేవీకి ఇచ్చారు.

సబ్‌మెరైన్ లోపల ఎలా ఉంటుందో చూడాలనుంటే, వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా మ్యూజియంగా ఉంది, వెళ్లి చూడండి. అది సోవియట్ ఫాక్స్‌ట్రాట్ తరగతి, దాదాపు 91 మీటర్ల పొడవు, హంగోర్ 58 మీటర్లే. ముందు వైపు టార్పెడో గది చూశాక సోనార్ మనిషి కూర్చునే చోటు ఎక్కడని గైడ్‌ని అడగండి, చాలామంది దాన్ని పట్టించుకోకుండా నడిచిపోతారు.